వెబ్‌సైట్‌లో త్రీడీ బొమ్మ: వంట ఎవరిది, పొయ్యి ఎవరిది?

బెంగళూరు మారతహళ్లిలో మా రూముకి రెండు సందుల అవతల ఒక అక్క బొమ్మల కొట్టు నడుపుతోంది. సొంతూరు నర్సీపట్నం దగ్గర. కొట్లో ఒక గోడ నిండా వరాహ నది ఒడ్డు నుంచి వచ్చిన ఏటికొప్పాక లక్కబొమ్మలు, ఎదురు గోడకు మైసూరు రోడ్డు మీద 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న చన్నపట్నం బొమ్మలు. రెండూ అక్కచెల్లెళ్లే. మనం అంకుడు అనే కర్రనే ఇక్కడ ఆలె మర అంటారు. రెండు చోట్లా దాన్ని లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు, తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు రంగు పట్టుకుంటుంది.

ఒక ఆదివారం అక్క తన ఫోన్ నా ముందు పెట్టింది. "ఇది సూడు తమ్ముడూ, ఈ బూటు గాల్లో తేల్తూ తిరుగుతంది. వేలితో తోస్తే అటు మళ్లుతంది. మన బొంగరం కూడా ఇలాగే తిరగాల. ఎంతవుద్ది?"

పగలంతా ఆఫీసులో వెబ్ పేజీలు రాసేవాణ్ణి కదా, ధీమాగా "రెండు రోజుల పని అక్కా" అనేశాను. ఆరు ఆదివారాలు పట్టింది. ఎందుకు పట్టిందో వివరిస్తే, వెబ్‌సైట్‌లో త్రీడీ అంటే ఏమిటో దాదాపు అంతా చెప్పినట్టే.

ఒకే పేరు, నాలుగు పనులు

"సైట్‌లో త్రీడీ యానిమేషన్ పెట్టాలి" అని అందరం ఒకే మాటగా అంటాం. దాని కింద ఒకదానికొకటి పెద్దగా సంబంధం లేని నాలుగు పనులున్నాయి. మొదటిది సీఎస్‌ఎస్, పేజీ రూపురేఖలు చెప్పే భాష. పేజీలోని ఒక డబ్బానో ఫొటోనో పేకముక్కలా తిప్పడం. 2009 ప్రాంతంలో సఫారీ లాంటి వెబ్‌కిట్ బ్రౌజర్లలో వచ్చింది, ఇప్పుడు అన్నిటిలోనూ ఉంది. చాలా తేలిక, కానీ పేకముక్కకు దళసరి ఉండదు, బొంగరానికి పనికిరాదు. రెండోది బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ముందే తయారు చేసుకున్న వీడియో. మూడోది ఫొటోల వరస: వస్తువును 10 డిగ్రీల చొప్పున తిప్పుతూ 36 ఫొటోలు తీసి, వేలు కదిలినకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి చూపించడం. స్క్రోల్ చేస్తుంటే విచ్చుకునే ఫోన్లు, ఇయర్‌ఫోన్ల పేజీల్లో చాలావాటి కిటుకు ఇదే. చూసేవాళ్లు త్రీడీ అనుకుంటారు, అక్కడున్నది ఫొటోల కట్ట.

నాలుగోది అసలు త్రీడీ. బొమ్మ ఆకారం, రంగు, దీపాల లెక్క పంపిస్తాం. బ్రౌజర్ దాన్ని అప్పటికప్పుడు గీస్తుంది.

ఈ నాలుగోదానికీ వీడియో, ఫొటోలకూ ఉన్న తేడాను బెంగళూరులో వంటగది లేని రూముల్లో ఉండే తెలుగువాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వీడియో, ఫొటోలు కర్రీ పాయింట్ పార్సిల్ లాంటివి. వంట ఎప్పుడో అయిపోయింది, కవరు విప్పి తినడమే. నాలుగోదాంట్లో మనం కస్టమర్ ఇంటికి పంపేది కూరగాయలు, మసాలా, ఎలా వండాలో రాసిన కాగితం. పొయ్యి వాళ్లది, గ్యాసు వాళ్లది. పైగా ఒకసారి వండితే సరిపోదు, సెకనుకు 60 సార్లు వండాలి. ఒక్కో వంటకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ తెర ఉన్న ఫోనైతే 8.3.

త్రీడీ గురించి దొరికే సలహాల్లో చాలావాటికి ఈ సంగతి పట్టదు. "ఫైలు సైజు తగ్గించండి" అంటాయి. ఫైలు సైజు కూరగాయల సంచి బరువు మాత్రమే. వంట శ్రమ వేరు. నేను మొదటి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నది ఈ రెంటినీ కలిపేసుకునే.

పొయ్యి ఎలా వచ్చింది

వెబ్‌లో త్రీడీ పెట్టాలన్న ఆశ వెబ్ అంత పాతది. 1994లోనే వీఆర్‌ఎంఎల్ అనే భాష మొదలైంది, 1997లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. అప్పటి ఫోను లైన్ల ఇంటర్నెట్‌కీ అప్పటి కంప్యూటర్లకీ ఆ బరువు మోసే శక్తి లేదు. తర్వాత చాలాకాలం ఈ పని ఫ్లాష్ నెత్తిన పడింది. విడిగా ప్లగిన్ కావాలి, ఫోన్లలో నడవడమే కష్టం. చివరికి 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు కంపెనీ మద్దతే ఆగిపోయింది.

అసలు మలుపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లాలో వ్లాదిమిర్ వుకిచెవిచ్ 2006లో చూపించిన ప్రయోగం. పేజీలోని కాన్వాస్ అనే ఖాళీ పలక మీద గ్రాఫిక్స్ చిప్ చేత నేరుగా బొమ్మ గీయించడం. అదే గ్రాఫిక్స్ ప్రమాణాలు రాసే కంపెనీల సంఘం క్రోనోస్ గ్రూప్ చేతుల్లో వెబ్‌జీఎల్‌గా రూపుదిద్దుకుని, మొదటి వెర్షన్ 2011 మార్చిలో వచ్చింది. ఫోన్లలో అప్పటికే ఉన్న ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 అనే గ్రాఫిక్స్ ప్రమాణం ఆధారంగా కట్టడం వల్ల ఫోన్లలో కూడా నడిచింది. కానీ ముడి వెబ్‌జీఎల్‌లో ఒక రంగు త్రికోణం గీయాలన్నా యాభై అరవై లైన్లు రాయాలి. మిస్టర్ డూబ్ పేరుతో తెలిసిన రికార్డో కాబెల్లో 2010లోనే బయటపెట్టిన త్రీ.జేఎస్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట, ఆ చాకిరీ తప్పించింది. నేను వాడిందీ అదే. 2023లో క్రోమ్‌లోకి వచ్చిన వెబ్‌జీపీయూ కొత్త తరం పొయ్యి, ఇంకా శక్తిమంతం. ఒక బొంగరానికి మాత్రం అవసరం లేదు.

త్రికోణాలు, ఆపైన చుక్కలు

గ్రాఫిక్స్ చిప్‌కు బొంగరం తెలియదు, గుండ్రం తెలియదు. తెలిసింది ముఖ్యంగా త్రికోణం. ఏ ఆకారమైనా చిన్న చిన్న త్రికోణాల వలగా మార్చి ఇవ్వాల్సిందే. ఒక్కో మూలకు మూడు అంకెలు: అడ్డం, నిలువు, లోతు. బొమ్మ తిరగాలంటే ఆ అంకెలను మాత్రికలతో గుణించాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు మాత్రికలు గుర్తుండే ఉంటాయి. ఎక్కడ పనికొస్తాయో అప్పుడెవరూ చెప్పలేదు, ఇక్కడ పనికొస్తాయి. గుణించాక చివర్లో అడ్డాన్నీ నిలువునూ లోతుతో భాగిస్తారు. అంతే, దూరమున్నది చిన్నదవుతుంది, రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనిపిస్తాయి. చూడ్డానికి మాయలా ఉండే లోతు అంతా ఒక్క భాగహారం.

తర్వాత ఒక్కో త్రికోణం తెర మీద ఏయే చుక్కలను కప్పుతుందో చూసి, ఒక్కో చుక్కకూ రంగు లెక్కగట్టాలి. దీపం ఎటు ఉంది, ఉపరితలం ఎటు తిరిగి ఉంది, ఎంత నున్నగా ఉంది, చుట్టూ ఉన్నది దాంట్లో ఎంత ప్రతిఫలిస్తుంది. అంటే ఖర్చులు రెండు: మూలల లెక్క, చుక్కల లెక్క.

కొత్తవాళ్లంతా త్రికోణాల సంఖ్య చూసి భయపడతారు, నేనూ భయపడ్డాను. చవక ఫోన్లలో ప్రాణం తీసేది చాలాసార్లు చుక్కలే. లెక్క వేసి చూడండి. పేజీకి తన తెర 360 అడ్డం, 640 నిలువు అని చెప్పే ఫోన్‌లో నిజంగా ఉండేవి దిక్కుకు మూడు రెట్లు, 1080, 1920. మొత్తం సుమారు 20.7 లక్షల చుక్కలు. సెకనుకు 60 సార్లంటే 12.4 కోట్ల లెక్కలు. అదే దిక్కుకు ఒకటిన్నర రెట్లకే గీయించి తెరకు సాగదీస్తే 5.2 లక్షలు, నాలుగో వంతు. లక్కబొమ్మ లాంటి నున్నటి వస్తువు మీద ఆ తేడా కంటికి దాదాపు ఆనదు. త్రీ.జేఎస్‌లో ఇది ఒక్క లైను, సెట్‌పిక్సెల్‌రేషియో. ఆరు ఆదివారాల్లో నేను మార్చినవాటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఈ లైనే.

లేత్ మీద చేసిన బొమ్మకు లేత్ కోడ్

మొదట బొంగరాన్ని బ్లెండర్‌లో చెక్కాను. సంబరపడి ఎక్కడికక్కడ గీతలు, నగిషీలు పెట్టాను. వల లక్షన్నర త్రికోణాలు దాటింది. తర్వాత ఒక రాత్రి అక్క కొట్లో లక్కపిడతల సెట్టు చూస్తుంటే బుర్ర వెలిగింది. చిన్నప్పుడు చెల్లెళ్లు బువ్వాలాటలో వాడిన బుల్లి కుండలు, మూతలు, గరిటెలు. వీటిలో ముప్పాతిక ఆకారాలు లేత్ మీద పుట్టినవే. నడుమ ఒక ఇరుసు, పక్కన ఒక వంపు గీత, ఆ గీత ఇరుసు చుట్టూ ఒక చుట్టు చుడితే బొమ్మ.

త్రీ.జేఎస్‌లో సరిగ్గా ఇదే పని చేసే ఆకారం ఉంది, పేరు కూడా లేత్‌జామెట్రీయే. వంపు గీత మీద కొన్ని బిందువులిస్తే చుట్టూ తిప్పి వల అల్లిపెడుతుంది. బొంగరానికి 24 బిందువులిచ్చి, చుట్టును 48 ముక్కలు చేయమన్నాను. 23 పట్టీలు, ఒక్కో పట్టీలో 48 గళ్లు, గడికి రెండు త్రికోణాలు: మొత్తం 2,208. లక్షన్నర ఎక్కడ, రెండువేలెక్కడ. పైగా పంపాల్సిన ఫైలంటూ లేదు, ఇరవైనాలుగు జతల అంకెలు చాలు.

అన్ని వస్తువులకూ ఈ అదృష్టం ఉండదు. ఏటికొప్పాక వేంకటేశ్వరుడి ముఖం లేత్ మీద రాదు, విడిగా చెక్కాల్సిందే. అలాంటివాటిని జీఎల్‌టీఎఫ్ అనే రూపంలో పంపుతారు. క్రోనోస్ వాళ్లదే, 2017లో వచ్చిన 2.0 వెర్షన్ ఇప్పుడు అందరూ వాడేది. ఫొటోలకు జేపెగ్ ఎలాగో త్రీడీకి ఇది అలాగ. ఒక్క బొమ్మను పేజీలో చూపిస్తే చాలనుకునేవాళ్లు త్రీ.జేఎస్ జోలికి పోకుండా గూగుల్ ఇచ్చే మోడల్‌వ్యూయర్ ట్యాగ్ పెట్టుకుంటే సరిపోతుంది. మా ఆఫీసులో ఇది చెబితే కొందరు చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి.

నల్ల చతురస్రం

లేత్ ఆలోచన రాకముందు, ఆ భారీ బొంగరాన్నే అక్క ఫోన్‌లో తెరిచాం. నా ల్యాప్‌టాప్‌లో వెన్నలా తిరిగింది. అక్క ఫోన్‌లో ముందు ఒక నల్ల చతురస్రం వచ్చింది, తర్వాత పేజీ దానంతటదే మళ్లీ తెరుచుకుంది, మళ్లీ నలుపు. అక్క ఫోన్ బల్ల మీద పెట్టి, "ఇదేటి తమ్ముడూ, కాలిపోతంది" అంది.

తప్పు టెక్స్చర్లది, అంటే వల మీద చుట్టే రంగు కాగితాలది. నాలుగు పెట్టాను: రంగుకొకటి, గరుకుకొకటి, ఎత్తుపల్లాలకొకటి, నీడకొకటి. ఒక్కోటి 4096 అడ్డం, 4096 నిలువు. నాలుగూ కలిపి జేపెగ్‌గా 6 ఎంబీనే, పర్లేదనుకున్నాను. ఇక్కడే సంచి బరువుకూ వంటకూ తేడా తెలిసొచ్చింది. గ్రాఫిక్స్ చిప్‌కు జేపెగ్ తినడం రాదు. మొత్తం విప్పి, ఒక్కో చుక్కకు నాలుగు బైట్ల చొప్పున పరిస్తేనే వాడుకుంటుంది. 4096 ఇంటూ 4096 ఇంటూ 4 అంటే 64 ఎంబీ. నాలుగింటికి 256. దూరం నుంచి చూసేటప్పటికి పనికొచ్చే చిన్న నకళ్లకు ఇంకో మూడో వంతు, సుమారు 340 ఎంబీ. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో ఒక బొంగరానికి.

విప్పకుండా వాడుకునే పద్ధతి కూడా ఉంది, కేటీఎక్స్2 అనే రూపం, చిప్‌లోకి వెళ్లాక కూడా కుదించిన స్థితిలోనే ఉంటుంది. డ్రాకో అని ఇంకో పేరు తరచూ వినిపిస్తుంది. అది త్రికోణాల వలను మాత్రమే కుదిస్తుంది, టెక్స్చర్లను ముట్టుకోదు. ఇది తెలియక డ్రాకో పెట్టేసి "కుదించేశాం" అని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

ఆ రోజు తర్వాత ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ కొనుక్కొచ్చాను. మంచి ఫోన్‌లో త్రీడీ పరీక్షించడం కొత్త టైర్లతో గుంతల రోడ్డు బాగుందనడం లాంటిది.

లక్క మెరుపుకు చివరికి టెక్స్చర్లే అక్కర్లేకపోయాయి. కింద ముదురు రంగు, పైన పల్చటి పారదర్శకమైన పొర. కారు పెయింట్‌కీ ఇదే లెక్క. త్రీ.జేఎస్‌లో దాన్ని క్లియర్‌కోట్ అంటారు. రెండు అంకెలతో లక్క వచ్చేసింది. కాకపోతే మెరిసే వస్తువుకు ప్రతిఫలించడానికి చుట్టూ ఏదో ఒకటి ఉండాలి. శూన్యంలో పెట్టిన అద్దం నల్లగానే ఉంటుంది కదా. ఒక గది ఫొటోను బొమ్మ చుట్టూ గోళంలా కప్పితే ప్రాణం వచ్చింది. ఆ ఫొటో 256 చుక్కల ఎత్తున్నా చాలు.

తిరగడం

తిప్పడం సులువు, అందుకే ఇక్కడ అందరూ ఒకే తప్పు చేస్తారు. "ప్రతి ఫ్రేముకూ (తెర మీద గీసే ఒక్కో చిత్రానికీ) 0.01 తిప్పు" అని రాస్తారు. 60 హెర్ట్జ్ తెర మీద చక్కగా తిరుగుతుంది. 120 తెర మీద అదే బొంగరం రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. కిందటి ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య ఎంత సమయం గడిచిందో చూసి, దానికి తగ్గట్టు తిప్పాలి.

ఎవరూ చూడనప్పుడు ఆపేయాలి. ట్యాబ్ మారితే బ్రౌజర్ తనంతట తనే ఆపుతుంది. కానీ అదే పేజీలో కిందికి వెళ్లిపోయినవాళ్ల కోసం పైన బొంగరం ఊరికే తిరుగుతూ బ్యాటరీ తాగుతుంటుంది. బొమ్మ తెర మీద కనిపిస్తోందో లేదో చెప్పే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్‌తో ఐదారు లైన్లలో ఆపొచ్చు. ఎక్కువమంది ఆపరు.

ఇంకొకటి, వేలు. వేలితో తిప్పే సదుపాయం ఇచ్చే ఆర్బిట్‌కంట్రోల్స్ ఆ పలక మీద పడిన ప్రతి తాకిడినీ తనే మింగేస్తుంది. ఫోన్‌లో బొమ్మ తెరంతా ఆక్రమించిందా, కింద ధర చూద్దామని పేజీ జరిపితే బొంగరం తిరుగుతుంది తప్ప పేజీ కదలదు. సీఎస్‌ఎస్‌లో టచ్‌యాక్షన్‌ అనే సెట్టింగును పాన్‌వై అని మారిస్తే నిలువు తాకిడి పేజీకి, అడ్డం తాకిడి బొమ్మకు వెళ్తాయి. కొందరికి తెర మీద కదలిక చూస్తే కళ్లు తిరుగుతాయి. వాళ్లు ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్ తగ్గించమని పెట్టుకుంటారు. పేజీ ఆ కోరికను చదవగలదు. చదివి, నిశ్చలమైన బొమ్మ చూపించాలి.

తెలుగు అక్షరం త్రీడీలో ఎందుకు విరుగుతుంది

ఇంగ్లిష్‌లో రాసే పాఠాల్లో కనిపించని చిక్కు ఇది. అక్క "ఏటికొప్పాక" అన్న పేరు కూడా బొమ్మలా దళసరిగా, గుండ్రంగా ఉండాలంది. త్రీ.జేఎస్‌లో టెక్స్ట్‌జామెట్రీ ఉంది, దాంట్లో పేరు పెట్టాను. ఐదు అక్షరాల ఊరి పేరుకు బదులు వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. దానితో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. లేని ప్రతి అక్షరానికీ ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. సరే, తెలుగు ఫాంట్ మార్చి ఇచ్చాను. ఈసారి పకారానికి పొల్లు విడిగా, పక్కన ఇంకో పకారం, కింద ఒత్తు ఉండాల్సిన చోట ఖాళీ. ఒకటో తరగతి పిల్లవాడు కూడబలుక్కుంటూ రాసినట్టు.

మామూలు పేజీలో తెలుగు సరిగ్గా రావడానికి బ్రౌజర్ లోపల పెద్ద పనే జరుగుతుంది. ప, పొల్లు, ప అని మూడు సంకేతాలు వస్తే వాటిని కలిపి ఒక పకారం, కింద ఒక ఒత్తుగా మలచాలి. గుణింతం గుర్తును తలకట్టు తీసేసి అక్కడ అతికించాలి. ఆ నియమాలు ఫాంట్‌లోనే రాసి ఉంటాయి, వాటిని చదివే యంత్రాంగం బ్రౌజర్‌లో ఉంది. టెక్స్ట్‌జామెట్రీ దాన్ని పిలవదు. ఒక సంకేతానికి ఒక ఆకారం, పక్కపక్కన పేర్చడం, అంతే. ఇంగ్లిష్‌కు అది చాలు, మనకు చాలదు.

దారులు మూడున్నాయి. పేరును త్రీడీలో పెట్టకుండా మామూలు అక్షరాలుగానే బొమ్మ పైన తేల్చడం అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే కాన్వాస్ మీద గీసింది గూగుల్‌కూ, చూపు లేనివాళ్ల కోసం పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ కనిపించదు. రెండోది, మామూలు టూడీ కాన్వాస్ మీద తెలుగు రాయించి, అంటే బ్రౌజర్ చేతే ఒత్తులు పెట్టించి, ఆ ఫొటోను బొమ్మ మీద అతికించడం. దళసరి కావాల్సిందేనంటే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేరు టైప్ చేసి, దాన్ని గీతలుగా మార్చి, ఆ గీతల ఫైలును (ఎస్‌వీజీని) త్రీ.జేఎస్‌లోకి తెచ్చి మందం ఇవ్వాలి. ఒత్తులు అప్పటికే గీతలై ఉంటాయి కాబట్టి విరగవు. అక్క కోసం మూడోదే చేశాను. చదివే సాఫ్ట్‌వేర్ కోసం పక్కనే మామూలు అక్షరాల్లోనూ పేరు పెట్టాను.

చివరికి కొట్టు పేజీ

అక్క దగ్గర దాదాపు రెండొందల రకాల బొమ్మలున్నాయి. అన్నిటికీ త్రీడీ చేయడం తెలివితక్కువ పని. ముఖపుటలో ఒక్క బొంగరం మాత్రమే అసలు త్రీడీ. మిగతావాటిలో బాగా అమ్ముడుపోయే పన్నెండింటికి ఫొటోల వరస, పన్నెండూ తెల్ల గుడ్డ ముందు తిరిగే పీట మీద పెట్టి అక్క ఫోన్‌తోనే తీసినవి. మిగిలినవాటికి మామూలు ఫొటోలు. మీరు చిన్న వ్యాపారమైతే నా సలహా కూడా ఇదే: ముందు ఫొటోల వరస చేయండి, దానితో పని జరగదని తేలాకే నాలుగోదానికి రండి.

బొంగరం కూడా పేజీతోపాటే దిగదు. ముందు దాని ఫొటో వస్తుంది, అక్షరాలు వస్తాయి, ధర వస్తుంది. అవి కుదురుకున్నాక వెనక త్రీ.జేఎస్ దిగి, ఫొటో స్థానంలో కూర్చుంటుంది. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన గీటురాయి. ఆ కొలతలో కాన్వాస్‌ను అసలు లెక్కలోకే తీసుకోరు. అంటే త్రీడీ బొమ్మ పది సెకన్లు ఆలస్యమైనా రిపోర్టు పచ్చగానే ఉండొచ్చు. నమ్మకండి, పాత ఫోన్ చేతిలో పెట్టుకుని చూడండి.

ఆరో ఆదివారం అక్కకు చూపించాను. ఫోన్ వేడెక్కలేదు. వేలితో నాలుగుసార్లు తిప్పింది, ఎండలోకి తీసుకెళ్లి చూసింది, గోడ మీది అసలు బొంగరం తెచ్చి పక్కన పెట్టింది.

"ఎరుపు ఇది కాదు తమ్ముడూ."

నిజమే. వెలుగు ఎక్కువైన చోట రంగు పాలిపోకుండా, సినిమాలా కనిపించడానికి టోన్ మ్యాపింగ్ అనే చివరి పూత ఒకటి వేస్తారు. నేను వేసిన ఏసీఈఎస్ అనే పూత సినిమా కోసం పుట్టింది, ముదురు రంగులను తన ఇష్టం వచ్చినట్టు జరిపేస్తుంది. పొద్దున్న మంచుకొండల సన్నివేశానికి బాగుంటుంది, లక్క ఎరుపుకు బాగుండదు. సహజ రంగులు తిరిగి బతికించినందుకు ఏటికొప్పాక సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చిన ఊరి బొమ్మ అది, అక్కడ రంగు తప్పడమంటే వస్తువు తప్పడమే. అమ్మకపు వస్తువుల రంగు ఉన్నదున్నట్టు ఉండాలన్న ఉద్దేశంతో క్రోనోస్ 2024లో న్యూట్రల్ అనే పూత తెచ్చింది, త్రీ.జేఎస్‌లో ఉంది. ఒక్క పదం మార్చి మళ్లీ తెరిచాను.

ఎరుపుకు అక్క తల ఊపింది. పసుపు దగ్గర మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం రమ్మంది.